శానిటరీ ఇన్‌స్పెక్టర్ల కొత్త రికార్డు

మా వాడకట్టులో ఒక అమ్మాయికి ఈ మధ్య ఉద్యోగం వచ్చింది. ప్రతి వారం విడుదలయ్యే కొత్త ఆల్బమ్‌ల గురించి నాలుగేసి వాక్యాలు రాయడం ఆమె పని. "తాతా, మీరు గూడ గిదే పని చేసిన్రంట గదా, ఎట్ల రాసేటోళ్లు?" అని అడిగింది.

నేను రాసింది కంప్యూటర్‌లో కాదు. అఫ్జల్‌గంజ్‌లో బస్సులు మలుపు తిరిగే చోట, ఒక రికార్డుల దుకాణం ముందు, నల్లబల్ల మీద సుద్దముక్కతో రాశాను. అయినా పని ఒకటే. ఎక్కడో ఎవరో చేసిన చప్పుడు గురించి, దాన్ని ఇంకా వినని మనిషికి రెండు మాటల్లో చెప్పాలి. చెప్పింది అబద్ధం కాకూడదు. ఈ చివరి సంగతి నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. నేర్పింది పంక్ అనే విదేశీ సంగీతం రికార్డు ఒకటి. ఆ అమ్మాయి కోసమూ, ఆమెలా ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లల కోసమూ ఆ సంగతి రాస్తున్నాను.

గిరాకీ అంటే ఏమిటి

నా పేరు సత్తెయ్య. మాది జహనుమా. మా బాపు బస్సు డిపోలో మెకానిక్కు. నన్నూ అందులోనే పెట్టాలని ఆయన కోరిక. కానీ గ్రీజు తగిలితే నా చేతులకు దద్దుర్లు లేచేవి. రికార్డుల దుకాణంలో సేల్స్‌మన్ కావాలని తెలిసి వెళ్లాను. ఇరవై నాలుగేళ్లు అక్కడే ఉండిపోయాను.

రికార్డులు అమ్మేవాడు రోజంతా పాటలు వింటాడని జనం అనుకుంటారు. నిజానికి రోజంతా వినేది కొనడానికి వచ్చే గిరాకీల కూనిరాగాలు. పాట పేరు తెలిసినవాళ్లు పదిమందిలో ఇద్దరు. మిగతావాళ్లు కౌంటర్ మీదకు వంగి, మన చెవిలో ముక్కుతో పాడతారు. ఒకాయన "వాన పడుతుంటే మా మామ ఏడ్చిన పాట గావాలె" అన్నాడు. వాళ్ల మామ ఎవరో, ఎందుకు ఏడ్చాడో అడిగి తెలుసుకుని, మూడు వారాలు వెతికాను. చివరికి తేలింది ఏమిటంటే అది పాట కాదు, రేడియోలో వచ్చే సబ్బు ప్రకటన. ఆ సంగతి చెబితే ఆయన నొచ్చుకున్నాడు. "మా మామ సబ్బుకు ఏడుస్తడా?" అని నిలదీశాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. గిరాకీ అడిగేది పాటను కాదు. ఆ పాట విన్న రోజు తనకు ఏమైందో, దాన్ని అడుగుతాడు. దాన్ని మనం అమ్మలేం. దొరికిన పాటను అమ్మాలి.

ఖదీర్ సాబ్

మా యజమాని ఖదీర్ సాబ్‌కు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది. కుడి చెవి సగమే పనిచేసేది. ఆ సగం చెవితోనే జీవితమంతా సంగీతం అమ్మారు. రికార్డు మంచిదో కాదో ముందు అట్ట చూసి చెప్పేవారు. గాయకుడి ఫొటోలో మెడ దగ్గర వేలు పెట్టి, "గీ మెడల నరం లేదు మియా. గీయన పాడలే, పాడినట్టు నిలవడ్డడు" అనేవారు. ఆశ్చర్యం ఏమిటంటే చాలాసార్లు ఆ మాట నిజమయ్యేది.

యజమానిగా ఆయన అంత సులువైన మనిషి కాదు. సెలవు అడిగితే కుడి చెవి కూడా వినబడేది కాదు. తన తప్పు ఏనాడూ ఒప్పుకోలేదు. రికార్డు గీసుకుపోయినా, లెక్క తప్పినా, గిరాకీ అలిగి పోయినా "హవా మే నమీ హై", గాలిలో తేమ ఉంది అనేవారు. నడివేసవిలో కూడా అదే మాట. కానీ ఒక్క నియమం మాత్రం గట్టిగా పాటించేవారు. కొత్త రికార్డు ఏది వచ్చినా అరలో పెట్టే ముందు దుకాణంలో అందరం కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినాలి. "సున్‌కే బేచో" అనేవారు. విని అమ్మండి. విన్నాక నేను నల్లబల్ల మీద తెలుగులో, ఆయన కింద ఉర్దూలో రెండేసి మాటలు రాసేవాళ్లం.

బొంబాయి పెట్టె

ఎనభైల మొదట్లో ఒకనాడు బొంబాయి నుంచి కర్రపెట్టె ఒకటి వచ్చింది. అక్కడి రేవులో ఎవరూ విడిపించుకోని సరుకు వేలం వేస్తే, ఖదీర్ సాబ్ బామ్మర్ది పాడి తెచ్చాడు. పెట్టె మీద 'సంగీతం' అని మాత్రమే రాసి ఉందట. అరబ్బు వాద్యాల రికార్డులని అతని నమ్మకం.

పెట్టె తెరిచి ఎండుగడ్డి తీస్తే ఖదీర్ సాబ్, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అట్టల మీద చిరిగిన చొక్కాల మనుషులు. చెవులకు పిన్నీసులు. మెడలో గొలుసులు, కుక్కలకు కట్టే రకం. జుట్టు బ్రష్షు పోగుల్లా నిటారుగా ఉంది. కొన్నిటికి అచ్చు అట్ట కూడా లేదు. మామూలు కాగితాన్ని మైదా జిగురుతో చేత్తో అతికించారు. పెద్ద కంపెనీ వాళ్లెవరూ వీళ్లను చేరనివ్వకపోతే, తామే రికార్డు కొట్టించి, తామే అట్టలు అంటించుకుని అమ్ముకునేవారని తరువాత తెలిసింది. ఆ మైదా కోసం మా దుకాణంలోని బొద్దింకలు రెండు రాత్రుల్లో మూడు అట్టలు తినేశాయి.

ఖదీర్ సాబ్ ఒక అట్టను చాలాసేపు చూశారు. చిరిగిన బట్టలు, గొలుసులు, మాసిన ముఖాలు.

"సమజ్ అయిందా?" అన్నారు. "గీళ్లు ఫకీర్లు. దునియా ఇడిసిపెట్టినోళ్లు."

"విదేశాల ఫకీర్లు ఉంటరా సాబ్?"

"ఫకీరు యాడనన్న ఉంటడు. మెడ సూడు. ఎంత నరం ఉన్నదో!"

మొదట విన్నది చిన్న సైజు రికార్డు. అందులో ఒక్కో పాట నిమిషం కూడా లేదు. కూర్చునేలోపు అయిపోయింది. ఏం రాయాలో తెలియక బయటికి చూశాను. స్టాపులో జనం బస్సు కోసం నిలబడి ఉన్నారు. 'బస్సు వచ్చేలోపు రెండు పాటలు' అని రాశాను. అది నేను రాసినవాటిలో నిజాయితీ గల మాట. ఒక కండక్టర్ కొనుక్కుపోయాడు కూడా. ఇంకో ఆల్బమ్ అట్ట మీద ఉడకబెట్టిన గుడ్డు ఉంది, లోపల గుడ్డు గురించి ఒక్క మాట లేదు. 'గుడ్డు బొమ్మ ఉంది, గుడ్డు పాట లేదు' అని రాశాను. అదీ నిజమే. కొత్త ఆల్బమ్ గురించి రాసేటప్పుడు తెలియనిది తెలిసినట్టు రాయకుండా ఉంటే చాలు, సగం పని అయినట్టే.

ఆ తరువాతే నేను తప్పు చేశాను.

తప్పు

పెట్టెలో ఒకే రికార్డు నలభై కాపీలు ఉన్నాయి. పెద్ద సైజుది. బృందం పేరు 'ది శానిటరీ ఇన్‌స్పెక్టర్స్'. అట్ట మీద నలుగురు యువకులు మూత తీసిన ఒక మురుగుకాలువ చుట్టూ నిలబడి, లోపలికి చూస్తున్నారు.

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. రికార్డు ప్లేయర్ మీద వేగం మార్చే చిన్న మీట ఒకటి ఉండేది. చిన్న రికార్డులకు నిమిషానికి నలభై ఐదు చుట్లు, పెద్దవాటికి ముప్పై మూడు. మేం అమ్మే పెద్ద రికార్డులన్నీ ముప్పై మూడువే. ఇది కూడా పెద్దదే కదా అని మీట ముప్పై మూడు మీద ఉంచి ముల్లు పెట్టాను. రికార్డు మధ్యలో కాగితం మీద ఏం రాసుందో చదవలేదు.

బావి అడుగు నుంచి ఎవరో మూలుగుతున్నట్టు గొంతు వచ్చింది. వెనక దిబ్‌, దిబ్‌ అని నెమ్మదిగా డోలు. గిటార్ ఏనుగు నిట్టూర్చినట్టు సాగుతోంది. మాట అర్థం కాలేదు కానీ, ఆ గొంతులో ఉన్న దుఃఖానికి అంతు లేదు. ఖదీర్ సాబ్ కుడి చెవిని స్పీకర్‌కు ఆనించి కళ్లు మూసుకున్నారు. రికార్డు ఒక పక్క అయిపోయాక కళ్లు తుడుచుకున్నారు.

"నేను చెప్పలే?" అన్నారు.

నేను బల్ల మీద ఇలా రాశాను: 'శానిటరీ ఇన్‌స్పెక్టర్ల కొత్త రికార్డు. విదేశీ ఫకీర్ల ప్రశాంత గానం. మనసు బరువెక్కినవారు తప్పక వినాలి.'

మర్నాడు ఒక బక్కపలచటి మనిషి గొడుగుతో బల్లను తట్టాడు.

"గీ బోర్డు ఎవరు రాసిన్రు?"

"నేనే సార్."

"శానిటరీ ఇన్‌స్పెక్టర్లు పాట పాడితే నాకు సర్క్యులర్ రావాలె గదా! నేను మొఘల్‌పురా వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ని. నర్సింగరావు."

వీళ్లు మన మున్సిపాలిటీ వాళ్లు కారు, విదేశం వాళ్లు అని చెప్పాను. ఆయన అట్ట తీసుకుని మురుగుకాలువ మూతను పరిశీలనగా చూశాడు.

"మూత కరెక్టుగ తీసిన్రు" అన్నాడు. "గక్కడ గూడ ఉన్నరన్నట్టు మనోళ్లు."

గిరాకీలు రికార్డు విని చూసుకునే చిన్న గదిలో కూర్చోబెట్టి వినిపించాను. తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి ఆయన ముఖం వేరుగా ఉంది. "డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు ఇడిసేటప్పుడు, నాకు లోపట గిట్లనే వినవడ్తది" అన్నాడు. అడగకుండానే ఇంకో సంగతి చెప్పాడు. వాళ్ల మామగారిది తరాలుగా గుడి సేవ చేసే కుటుంబం. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా, ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఆయన "బాబూ, నీది ఏం ఉద్యోగం?" అని అడుగుతాడట. "ఎర్కలేక కాదు" అన్నాడు నర్సింగరావు.

రికార్డు కొన్నాడు. అట్టకు ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించాడు. ఇంగ్లీషులో అచ్చయిన తన హోదా, దాని కింద నలుగురు దొరలు. మామగారు వచ్చి దాన్ని చూసి, ఆ రోజు ఏమీ అడగలేదట. ఈ సంగతి చెప్పడానికి నర్సింగరావు పనిగట్టుకుని దుకాణానికి వచ్చాడు. వస్తూ పక్క వార్డుల ఇన్‌స్పెక్టర్లను ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లు ఇంకొందరిని పంపారు. వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని వినేవాడొకడు, వింటూ హాజరుపట్టీ రాసుకునేవాడొకడు. రెండు నెలల్లో ఇరవై మూడు కాపీలు పోయాయి. నా మాట మీద, నా రాత మీద పోయాయి. నాకు గర్వంగా ఉండేది.

డేనియల్ వచ్చిన రోజు

డేనియల్ మా జహనుమా వాడే. కరెంటు ఆఫీసులో లైన్‌మన్, ఆదివారం చర్చిలో గిటార్ వాయించేవాడు. గిటార్ తీగల కోసం దుకాణానికి వచ్చాడు. అప్పుడు ఆ రికార్డే తిరుగుతోంది. కాసేపు తల వంచి విన్నాడు.

"సత్తెన్నా, మోటర్ వీకయిందా?"

"మోటర్ మంచిగనే ఉన్నది. గది పాట."

"పాట గట్లుండది." వంగి, తిరుగుతున్న కాగితాన్ని చదవడానికి మెడ గుండ్రంగా తిప్పాడు. "అన్నా, దీనిమీద నలభై అయిదు అని రాసున్నది."

నన్ను అడగకుండానే మీట జరిపాడు.

దాన్ని ఎలా చెప్పాలో నాకు ఈనాటికీ తెలియదు. రేకుల షెడ్డు మీద గులకరాళ్ల వాన, దాని కింద నలుగురు కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకోవడం. దుఃఖం లేదు, ఫకీరు లేడు. పంక్ అంటే ఇదేనని తరువాత తెలిసింది. ఖదీర్ సాబ్ లోపలి గది నుంచి పరుగెత్తుకొచ్చారు.

"ఎవర్నో కొడ్తున్నరు! ఆపుండ్రి, ఆపుండ్రి!"

డేనియల్ ఆపాడు. నేను సంగతి చెప్పాను. ఖదీర్ సాబ్ గల్లా దగ్గర కూర్చుని ఆలోచించారు. తరువాత తేమ మాట ఎత్తారు. గాలిలో తేమ వల్ల పాట బిగుసుకుపోయిందని, ఎండ కాస్తే మళ్లీ నెమ్మదిస్తుందని అన్నారు.

"సాబ్, నేను ఇరవై మూడుమందికి అబద్ధం రాసిన."

"నువ్వు విన్నది రాసినవ్."

"సదువకుండ విన్న."

"అరే మియా, గా నర్సింగరావు ఇప్పుడు సుకూన్‌గ ఉన్నడు. నువ్వు వోయి ఆయన సుకూన్ గుంజుకొస్తవా?"

నర్సింగరావు మనశ్శాంతిని లాక్కురావడానికి నాకూ మనసు ఒప్పలేదు. చెప్పకుండా ఉండిపోయేవాడినేమో కూడా. కానీ అంతకు రెండు రోజుల ముందే నర్సింగరావు దుకాణంలో ఒక కార్డు ఇచ్చి వెళ్లాడు. బదిలీ మీద పోతున్న హెల్త్ ఆఫీసర్‌కు మొఘల్‌పురా వార్డు ఆఫీసు ఆవరణలో వీడ్కోలు సభ. కార్డులో కార్యక్రమాల వరుస అచ్చువేశారు. మొదటి అంశం: 'శాఖా గీతం. అందరూ నిలబడి గౌరవించవలెను.' శాఖా గీతం అంటే ఈ రికార్డే. సభలో ఇంగ్లీషు వచ్చినవాళ్లుంటారు. ఎవరో ఒకరు ఆ కాగితం చదివితే నర్సింగరావు ఏమైపోతాడు? పద్దెనిమిదేళ్లుగా నోరు మూసుకుని ఉన్న మనిషి ఇప్పుడిప్పుడే తల ఎత్తాడు.

చెప్పడం

సభనాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆయన ప్లేయర్ మీదనే మీట జరిపి వినిపించాను. వంటింట్లోంచి ఆయన భార్య గరిటెతో బయటికి వచ్చి నిలబడింది. నర్సింగరావు ముల్లు ఎత్తేసి, రికార్డును వెలుతురుకు పట్టి చూశాడు.

"నలభై అయిదు అని రాసే ఉన్నది" అన్నాడు. "దినాం కాలువ మూతల మీద నంబర్లు సదువుతా. గిది సదువలే."

"తప్పు నాది సార్. నేను రాసిన బోర్డు."

నేను తిట్లకు సిద్ధపడి వెళ్లాను. ఆయన తిట్టలేదు. గోడ మీది ఫ్రేము వైపు చూస్తూ, "కార్డులు పోయినయ్. మామగారిని గూడ పిలిచిన" అన్నాడు. "నువ్వొచ్చి నీ చేత్తోని ముప్పై మూడు మీదనే పెట్టు. మైకుసెట్టోడు గా మీట మీద చెయ్యేస్తే నా ఇజ్జత్ పోతది."

ఒప్పుకున్నాను. అబద్ధాన్ని సరిచేయడానికి వెళ్లి, దానికి కాపలా ఉండే పని ఒప్పుకుని తిరిగొచ్చాను. ఈ వృత్తిలో ఇలాంటివి జరుగుతాయి.

శాఖా గీతం

మధ్యాహ్నం మూడు గంటలకు సభ. షామియానా కింద ముందు వరుసలో హెల్త్ ఆఫీసర్, ఇన్‌స్పెక్టర్లు, నర్సింగరావు మామగారు. వెనక ఊడ్చే పనివాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు. పొద్దున నాలుగింటి నుంచి పనిచేసి వచ్చినవాళ్లకు కుర్చీలు లేవు, జంపఖానా పరిచారు. మైకుసెట్టు అతని పక్కన స్టూలు వేసుకుని నేను కూర్చున్నాను. మీట మీద నా వేలు తీయలేదు.

నర్సింగరావు లేచి, "శాఖా గీతం" అన్నాడు. అందరూ నిలబడ్డారు. ముల్లు పెట్టాను.

బావిలో మూలుగు మొదలైంది. ఆఫీసర్ గారు తల వంచారు. ఆయన వంచారు కాబట్టి అందరూ వంచారు. మొదటి పాట అయింది. కూర్చోవచ్చేమోనని కొందరు కదిలేలోపు రెండోది మొదలైంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఈ పక్క మొత్తం ఎక్కడా ఆగదు, పాటకూ పాటకూ మధ్య ఊపిరి తీసుకునేంత జాగా కూడా లేదు. పన్నెండు నిమిషాల పక్క ఈ వేగంలో పదహారు నిమిషాలు సాగుతుంది. గీతం ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు. ఆఫీసర్ కూర్చునేదాకా ఎవరూ కూర్చోరు. ఆఫీసర్ గీతం అయ్యేదాకా కూర్చోరు. ఏడో నిమిషంలో ఆయన రుమాలు తీసి కళ్లద్దుకున్నారు. మామగారు రెండు చేతులూ జోడించారు.

తొమ్మిదో నిమిషంలో వెనక నుంచి ఒక పెద్దావిడ జనాన్ని తప్పించుకుంటూ నా దగ్గరికి వచ్చింది. యాదమ్మ. ముప్పై ఏళ్లుగా ఆ వార్డు ఊడుస్తున్న మనిషి.

"బిడ్డా, ఇంకెంతసేపు?" అంది నా చెవిలో. "జర జల్ది అయిపోగొట్టు. మోకాళ్లు గుంజుతున్నయ్."

"మధ్యల ఆపొద్దమ్మా. ఆఫీసర్ సాబ్ ఏడుస్తున్నడు."

"ఆయన పొద్దుగాల చీపురు పట్టలే. ఏడ్వనీకి ఓపిక ఉంటది. నాకు లేదు."

ఆమె కాళ్ల వైపు చూశాను. వాచి ఉన్నాయి. ముల్లు ఎత్తేస్తే సభకు అవమానం. ఎత్తకపోతే ఇంకో ఏడు నిమిషాలు. అప్పుడు నా బుర్రకు ఒకటే తోచింది. వేగం పెంచితే త్వరగా అయిపోతుంది. నర్సింగరావుకు ఇచ్చిన మాట ఆ క్షణంలో గుర్తురాలేదని చెబితే అబద్ధం. గుర్తొచ్చింది. మీట జరిపాను.

షామియానా అదిరింది. మైకుసెట్టు పెద్దది కదా, చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి. ముందు వరుసలో తలలన్నీ పైకి లేచాయి. ఆఫీసర్ గారి రుమాలు జారిపోయింది. మామగారు జోడించిన చేతులు అలాగే ఉంచి, గిటార్ దెబ్బకొకసారి ఉలిక్కిపడుతున్నారు. నర్సింగరావు నా వైపు చూశాడు. ఆ చూపును నేను మరిచిపోలేదు.

"ఏమిటయ్యా ఇది?" అని ఆఫీసర్ అరిచారు. ఆ చప్పుడులో అరిస్తేనే వినిపిస్తుంది.

నర్సింగరావు గొంతు సవరించుకున్నాడు. ఆఫీసర్ ముందు అంతవరకు "యెస్ సార్" తప్ప ఇంకో మాట అనని మనిషి.

"రెండో భాగం సార్!" అని అరిచాడు. "ఇందాకటిది డ్యూటీ దిగినంక. గిది డ్యూటీ ఎక్కినంక!"

ఆఫీసర్ ఒక్క క్షణం ఆలోచించారు. వార్డులో తెల్లవారుజామున బండ్లు, పారలు, అరుపులు ఆయనకేమీ తెలియనివి కావు. "కరెక్టే" అని తల ఊపి కూర్చున్నారు. ఆయన కూర్చున్నారు కాబట్టి అందరూ కూర్చున్నారు.

అందరూ అంటే ముందు వరుసలు. వెనక మాత్రం కూర్చోబోయిన యాదమ్మ మళ్లీ లేచింది. మోకాళ్ల నొప్పి ఏమైందో తెలియదు. పెళ్లి ఊరేగింపులో మర్ఫా డప్పులకు ఎగిరినట్టు భుజాలు ఎగరేసింది. పక్కామె ఈల వేసింది. క్షణంలో జంపఖానా మీద నలభైమంది. ఆ నాలుగు నిమిషాలు మొఘల్‌పురాలో జరిగినట్టు సభ ఇంకెక్కడా జరిగి ఉండదు. సభ అయ్యాక మామగారు అల్లుడి దగ్గరికి వచ్చి, "పొద్దున్నే ఇంత లొల్లి ఉంటుందా బాబూ, మీ పనిలో?" అని మాత్రం అడిగారు. పద్దెనిమిదేళ్లలో ఆయన అడిగిన కొత్త ప్రశ్న అదేనని నర్సింగరావు తరువాత నాతో అన్నాడు. నన్ను క్షమించాడా అని అడగలేదు. ఆయనా చెప్పలేదు. కానీ దుకాణానికి రావడం మానలేదు.

మిగిలిన ఇరవై రెండు

తరువాతి రెండు వారాలు పని అయ్యాక మిగతా ఇరవై రెండు ఇళ్లకూ తిరిగాను. 'ఇది నలభై ఐదు మీద వినవలసిన రికార్డు. పొరపాటు నాది' అని చీటీ రాసి ఇచ్చాను. ఇద్దరు తిట్టారు. ఒకాయన రికార్డు వాపసు ఇచ్చాడు, ఖదీర్ సాబ్ గొణుగుతూనే తీసుకున్నారు. ఒకాయన "నాకు మొదటి దినమే ఎర్క, గట్లనే మంచిగున్నది" అన్నాడు. అలాంటప్పుడు ఒక మాట చెప్పొచ్చు కదయ్యా అంటే, "మీరు ఫకీర్లు అని రాసిన్రు, మీకు బాధ గావద్దని" అన్నాడు. ఎక్కువమంది మాత్రం రెండు వేగాల్లోనూ వింటామన్నారు. ఎవరికి ఏది కావాలో వాళ్ల ఇష్టం. కానీ ఏది ఏదో చెప్పి అమ్మడం నా పని. మా వాడకట్టు అమ్మాయికి నేను చెప్పింది ఇంతే. ముందు కాగితం చదువు. తరువాత మొత్తం విను. ఆ తరువాత కూడా తెలియకపోతే తెలియలేదని రాయి.

ఈలోగా డేనియల్ ఆ రికార్డు ఇంటికి తీసుకెళ్లి, పదిసార్లు విని, మాటలన్నీ నోటుబుక్కులో ఎక్కించుకొచ్చాడు. అరుపుల కింద ఏముందో అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం యాదమ్మ ఇంకో ఇద్దరితో దుకాణానికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గడప దగ్గరే నిలబడింది.

"మొన్న ఎగిరిన పాట మల్లొక్కపారి ఎయ్యి బిడ్డా."

నలభై ఐదు మీద పెట్టాను. ముగ్గురూ చేతులు కట్టుకుని, పక్క మొత్తం కదలకుండా విన్నారు. అయిపోయాక యాదమ్మ అడిగింది.

"ఏమంటున్నరు బిడ్డా గా పోరగాండ్లు?"

డేనియల్ రాసిచ్చింది తీసి చూసుకుని చెప్పాను. "'మీ చెత్త మీరే ఎత్తుకోండి' అంటున్నరమ్మా. మల్ల మల్ల గదే అంటున్నరు."

యాదమ్మ పక్కవాళ్లిద్దరి వైపు చూసింది. ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గీ ముచ్చట నేను ముప్పై ఏండ్ల సంది మొత్తుకుంటున్న" అంది. "నాకెవ్వడు రికార్డు గొట్టలే."